అద్దకాల సందులో గుడ్ ఫ్రైడే

క్లెమెంట్ మేస్ బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్క ప్రయాణికుణ్ణి కూడా కసురుకోలేదని ఇంగ్లండులోని నార్విచ్‌లో చెప్పుకుంటారు. అంత మంచివాడు కాబట్టే ఆ రోజు విచారణ హాల్లో సాక్షి కుర్చీలో కూర్చుని, పుట్టి పెరిగిన సందుని తన నోటితోనే నిలువునా ముంచేశాడు. ముంచుతున్నానని పాపం ఆయనకి తెలియదు.

"గుడ్ ఫ్రైడే నాడు గూచ్ గారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు కదండీ?" అని అడిగాడు హోటల్ కంపెనీ లాయరు హాలమ్. అతనిది వెన్నపూసలాంటి గొంతు.

"కూర్చునేవారండీ."

"మీరేమో ఆయన్ని లెక్కచేయకుండా తోసుకుని వెళ్ళిపోయేవారు."

"అయ్యో, అదేం మాటండీ!" క్లెమెంట్ నొచ్చుకున్నాడు. "పెద్దమనిషి ఎదురుగా కూర్చుంటే మాట్లాడకుండా ఎట్లా పోతాం? 'వెళ్ళొచ్చా గూచ్ గారూ' అనేవాణ్ణి. 'వెళ్ళవయ్యా' అనేవారు. 'థాంక్సండీ' అని వెళ్ళేవాణ్ణి."

"ప్రతి ఏడూ అంతేనా?"

"ప్రతి ఏడూ అంతే. మా అమ్మ అలా పెంచింది."

"చాలా బాగా పెంచారు" అని హాలమ్ కూర్చున్నాడు. బల్ల వెనక ఉన్న విచారణ అధికారిణి, కోల్డ్‌వెల్ అనే ఆవిడ, తల వంచుకుని చాలాసేపు రాసుకుంది.

వెనక బెంచీలో కూర్చున్న ఈడిత్ అట్టింగ్‌కి మొదట ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఆ తర్వాత సందులోనే ఉండే మిసెస్ బన్ సాక్ష్యానికి వచ్చింది. తను గూచ్ గారిని దారి అడగడమే కాకుండా, పండగ పూట కదా అని సిలువ గుర్తు వేసిన వేడి వేడి బన్ను కూడా చేతిలో పెట్టేదాన్నని గొప్పగా చెప్పింది. "దారి ఇచ్చినందుకాండీ?" అన్నాడు హాలమ్. "మరి? ఒకరి మర్యాద ఊరికే ఉంచుకుంటామా!" అందావిడ. అప్పుడు తెలిసింది ఈడిత్‌కి.  ఒక్కొక్క థాంక్స్‌తో, ఒక్కొక్క బన్నుతో, వీళ్ళంతా సందుని తీసుకెళ్ళి కంపెనీ చేతిలో పెడుతున్నారు.

ఈ గొడవ ఎక్కడ మొదలైందో చెప్పాలి. అటు మాగ్డలెన్ వీధికీ ఇటు వెన్సమ్ ఏటికీ మధ్య ఉన్న అద్దకాల సందు, ఇద్దరు గొడుగులు వేసుకుని ఎదురెదురుగా వస్తే ఒకరు గోడకి అంటుకుపోవలసినంత ఇరుకు. రెండు పక్కలా చెకుముకి రాళ్ళ గోడలు, మధ్యమధ్య ఇళ్ళు. ఆ నేల తాతల కాలం నుంచి బీరు కాచే కంపెనీ ఒకదానిది. సొంత నేల మీద జనం నడుస్తుంటే ఇంగ్లండులో యజమానులు ఏడాదికి ఒక్కరోజు గేటు వేస్తారు. ఇది మాది, మీరు నడిచేది మా దయ వల్ల అని గుర్తు చేయడానికి అదో ఆనవాయితీ. ఆ ఒక్కరోజు వేయకపోతేనే చిక్కు. ఇరవై ఏళ్ళపాటు జనం దాక్కోకుండా, బలవంతం చేయకుండా, ఎవర్నీ అడక్కుండా సొంత దారిలాగా నడిస్తే అది జనం దారి అయిపోతుంది. ఇక దేవుడు దిగివచ్చినా మూయలేడు. అందుకని బీరు కంపెనీ గుమాస్తా గూచ్ ఏటా గుడ్ ఫ్రైడే పొద్దున వచ్చి, తాళమే లేని ఆ తుప్పు గేటుని దగ్గరగా లాగి మూసి, పక్కన కుర్చీ వేసుకుని మధ్యాహ్నం గంట కొట్టేదాకా కునికిపాట్లు పడేవాడు. గూచ్ పోయాడు, బీరు కంపెనీ మూతపడింది. ఆ నేల కొన్న హోటల్ కంపెనీ ఇప్పుడు రెండు చివరలా ఇనుప గేట్లు బిగించి, తాళాలు వేసి, సందుని తన అతిథులకి పూలతోట చేస్తానంటోంది. అది జనం దారేనని ఊరు అడ్డం తిరగబట్టే ఈ విచారణ. ఇళ్ళకి వెనకవైపు ఇంకో వాకిలి ఉంది కాబట్టి ఎవరికీ నష్టం లేదని కంపెనీ వాదన.

నష్టం లేదట! ఈడిత్‌కి ఉన్న నష్టం కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. అది వాళ్ళక్క బెరిల్.

చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల హోరు మధ్య బతికిన మనిషి బెరిల్. ఆ హోరుని మించి అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయింది. మాట అంతకన్నా గట్టిది. మెట్ల మీంచి పడి తుంటి విరిగాక ఇక లేవలేదు. అయినా ఆ మంచం పక్క కిటికీ సందులోకి తెరుచుకుని ఉంది కాబట్టి బతికి బట్టకట్టింది. పొద్దున లేస్తే సందులో వెళ్ళే ప్రతివాడూ ఆ కిటికీ ముందు ఆగాలి, ఆవిడ చేత నాలుగు మాటలు పడాలి. "ఏరా క్లెమ్, ఆ టోపీ కొన్నావా, గాలికి కొట్టుకొచ్చి నెత్తిన పడిందా?" అంటే ఆయన నవ్వుకుంటూ పోతాడు. పోస్టుమాను, బడిపిల్లలు, పాదిరి గారు, ఎవరైనా సరే. పాదిరి గారికైతే రెండు ఎక్కువే పడతాయి. ఆ గేట్లు పడితే ఆ కిటికీ ముందు ఎవరూ ఉండరు. పేరు తెలియని హోటలు మనుషులు పూలమొక్కలు చూసుకుంటూ అటు తిరిగి నడుస్తారు. అక్క ఇక ఎన్నాళ్ళో ఉండదని ఈడిత్‌కి తెలుసు. డాక్టరు చెప్పనక్కర్లేదు.

ఈడిత్ నోట్లో నాలుక లేని మనిషి. లైబ్రరీలో పని చేసి రిటైరయింది. ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెప్తుంది. ఆదివారాల్లో పాత వీధులు చూపిస్తూ జనాన్ని తిప్పుతుంది. ఆ సందు చరిత్ర ఆమెకి కంఠతా వచ్చు కాబట్టి ఊరంతా ఆమె మీదే ఆశ పెట్టుకుంది.

మధ్యాహ్నం ఆమె వంతు వచ్చింది. మొదలుపెట్టిందంటే హాలంతా కళ్ళప్పగించి విన్నారు. మత గొడవల్లో సముద్రం దాటి వచ్చిన నేతగాళ్ళు, ఆ వెనకే వచ్చిన అద్దకంవాళ్ళు, నానబెట్టిన నూలు నెత్తిన పెట్టుకుని ఈ సందులోంచే ఏటికి వెళ్ళేవారని చెప్పింది. మంజిష్ఠ వేర్ల రంగుకి ఏరు ఎర్రగా పారేదని, గోడల మీద ఆ ఎరుపు వాళ్ళ తాత చిన్నప్పుడు కూడా ఉండేదని చెప్పింది. పంతొమ్మిది వందల పన్నెండు నాటి వరదలో పడవలు తిరిగింది ఇక్కడే, యుద్ధంలో బాంబులు పడ్డ రాత్రి మాగ్డలెన్ వీధి జనమంతా ఏటి వైపు పరుగెత్తింది ఇక్కడి నుంచే అని చెప్పింది.

"ఎంత చక్కగా చెప్పారండీ!" హాలమ్ నిజంగానే ముచ్చటపడ్డాడు. "రోజంతా వినొచ్చు. కాకపోతే ఏం చేస్తాం, చట్టానికి చెవులు చిన్నవి. నాలుగొందల ఏళ్ళు దానికి అక్కర్లేదు. దానికి కావలసింది గేటు ముందరి ఇరవై ఏళ్ళే. గుడ్ ఫ్రైడే దగ్గరికి వద్దామా?"

 సరిగ్గా అప్పుడే కోల్డ్‌వెల్ గడియారం చూసుకుంది. "ఇవాళ్టికి ఆపుదాం. రేపు పొద్దున అట్టింగ్ గారి ఇంటికే వస్తాను. మంచం మీద ఉన్న వాళ్ళక్క సాక్ష్యం అక్కడే వింటాం. అట్టింగ్ గారూ, మిగిలిన మీ సాక్ష్యం కూడా అక్కడే. ఒక్క మాటండీ, మీ సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదు. ఈలోగా ఈ విషయం మీ అక్కతో ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు. మాటిస్తారా?"

"తప్పకుండానండీ" అంది ఈడిత్. ఎవరు ఏం అడిగినా ఆమె నోట్లోంచి మొదట వచ్చే మాట అదే.

మాట ఇచ్చేశాక గానీ ఎంత చిక్కులో పడిందో ఆమెకి తట్టలేదు. ఎందుకంటే గత మూడు వారాలుగా ఆమె అక్కకి పూటపూటా నూరిపోసింది ఇంకోటి. 'అక్కా, నీకు పుణ్యముంటుంది, ఆవిడ వచ్చినప్పుడు కాస్త మర్యాదగా మాట్లాడవే. ఏమండీ అను. బూతులొద్దు. నీ నోరు చూసి మనమంతా అలగా జనం అనుకుంటారు, ఉన్న కేసు పోతుంది.' బెరిల్ వినీ వినీ, "సరేలేవే, నీ కోసం రాణీగారిలా మాట్లాడతాలే. చెవి కోసిన మేకలా అరవకు" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మనవాళ్ళు అంటారు. అన్నవాళ్ళు హాలమ్ లాంటి లాయర్ని చూసి ఉండరు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి కిటికీ బయట మిసెస్ బన్ నిలబడి ఉంది. లోపలి నుంచి గొంతు వినిపిస్తోంది. "ఆ పిండి ముద్దలు మొగుడికే పెట్టు, బన్నూ. రాళ్ళు అరిగించుకునే కడుపు ఆయనది. నాకెందుకే!" మిసెస్ బన్ పకపకా నవ్వుతూ గిన్నె కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది.

"ఏమే, మొహం అలా వేలాడేసుకొచ్చావ్?" అంది బెరిల్, చెల్లెల్ని చూడగానే. "క్లెమ్ ఏమన్నాడు? వాడసలు నోరు తెరిచాడా?"

"చెప్పకూడదక్కా. ఆవిడ వద్దంది."

"ఎవత్తె?"

"ఆ అధికారిణి. నీతో మాట్లాడొద్దని మాట తీసుకుంది."

"మన ఇంట్లో మనం మాట్లాడుకోవడానికి ఆవిడ సెలవా! నువ్వు ఊఁ అనేశావు, అంతేనా? నీ తలకాయ ఊపడానికే పుట్టించాడే దేవుడు."

ఈడిత్ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద సూపు పెట్టి, గరిటె పట్టుకుని నిలబడింది. ఒక్క మాట చాలు. 'అక్కా, రేపు నీ ఇష్టమొచ్చినట్టు ఉండు' అంటే చాలు. ఏటా గుడ్ ఫ్రైడే నాడు బెరిల్ గూచ్‌ని ఏం అనేదో ఆమెకి తెలుసు. చెవులు మూసుకోవలసిన మాటలు అవి. ఊరు మొత్తం మీద ఆ మనిషిని దారి అడగని ప్రాణి ఒక్క బెరిలే. ఇవాళ ఊరికి కావలసింది ఆ నోరే. ఆ నోరు కుట్టేసింది తనే.

రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది. రెండుసార్లూ వెనక్కి వెళ్ళింది. మాట ఇచ్చాక ఎలా తప్పుతుంది? పైగా రేపు పొద్దున ఆవిడ సూటిగా అడిగితే? 'మాట్లాడారా' అంటే 'లేదండీ' అనగల మొహమా తనది? తేలు కుట్టిన దొంగలా దొరికిపోతుంది. అప్పుడు అక్క సాక్ష్యం కూడా చెల్లదు. సూపు అడుగంటింది. బెరిల్ మాడు వాసన పట్టి అక్కడి నుంచే నాలుగు తిట్టింది. ఆ తిట్లు వింటుంటే ఈడిత్‌కి ఏడుపొచ్చింది. దేవుడా, రేపు కూడా దీని నోరు ఇలాగే ఉండనీ అనుకుంది. పుట్టి బుద్ధెరిగాక అలాంటి ప్రార్థన చేయడం అదే మొదలు.

మర్నాడు పొద్దున బెరిల్ తల దువ్వించుకుంది. ఉతికిన తెల్ల జాకెట్టు వేయించుకుంది. అమ్మ వదిలి వెళ్ళిన ముత్యాల పిన్ను అడిగి మరీ పెట్టించుకుంది. 

కోల్డ్‌వెల్, హాలమ్ లోపలికి వచ్చారు. ఊరి తరఫున ఉండడానికి క్లెమెంట్ కూడా వచ్చి గోడవారన నిలబడ్డాడు. బెరిల్ దిండుకి ఆనుకుని కూర్చుని, తల కొంచెం వంచి అంది. "దయచేయండి. ఇంత దూరం రావడం మీకు చాలా శ్రమ అయింది."

క్లెమెంట్ నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు. 

హాలమ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. పిన్ను బాగుందన్నాడు. "మా అమ్మగారిదండీ" అంది బెరిల్.

"గూచ్ గారు గుర్తున్నారాండీ?"

"ఎందుకు గుర్తులేరండీ. చాలా మర్యాదస్థులు."

"ఆయన గేటు దగ్గర ఉన్నప్పుడు మీరు ఎలా వెళ్ళేవారు?"

బెరిల్ చెల్లెలి వైపు చూసింది. ఆ చూపులో ఏదో గర్వం. చూడు, నీ కోసం ఎంత బుద్ధిగా ఉన్నానో అన్నట్టు. "అడిగి వెళ్ళేదాన్నండీ" అంది. "తమరు దయచేసి దారిస్తారా అనేదాన్ని. ఇచ్చాక థాంక్స్ చెప్పేదాన్ని. మేమంతా పెద్దింటి పిల్లల్లాగే పెరిగామండీ."

కోల్డ్‌వెల్ కలం గరగరా నడిచింది. హాలమ్ కుర్చీలో వెనక్కి వాలాడు.  క్లెమెంట్ నేల చూపులు చూస్తున్నాడు. బయట సందులో ఎవరో నడుచుకుంటూ వెళ్తున్న చప్పుడు, కిటికీ దగ్గర ఆగి, లోపల జనాన్ని చూసి మళ్ళీ సాగిపోయింది.

"ఈవిడని అడగవలసింది ఇంకేమీ లేదు" అన్నాడు హాలమ్. "ఈడిత్ గారిది పూర్తి చేద్దామా? మీ అక్కగారు చెప్పింది విన్నారు. మీకు తెలిసినంతవరకు అది నిజమేనా?"

ఈడిత్ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తెలియదు, ఇంట్లోనే ఉంది, ఎవరూ లేవమనలేదు.  ఇప్పుడు ఊఁ అంటే సందు పోతుంది. కాదంటే అక్క అబద్ధాలకోరు అవుతుంది, అదీ తన కోసం ఆడిన అబద్ధానికి.

"కాదండీ" అంది. "అబద్ధం."

"ఏమిటి?" అంది కోల్డ్‌వెల్.

"మా అక్క అబద్ధం చెప్తోంది. అది ఎవరికీ థాంక్స్ చెప్పి ఎరగదు. ఆ మాట దానికి పలకడం కూడా రాదు. మొన్నటిదాకా మర్యాదగా ఉండమని పీక్కుతిన్నది నేను. అది నాటకం ఆడుతోంది."

"ఒసేయ్!" బెరిల్ మొహం ఎర్రబడింది. "ఎవత్తివే నన్ను అబద్ధాలకోరు అనేది? పరాయివాళ్ళ ముందు!"

"అబద్ధమే ఆడావు. దారిస్తారా అన్నావా నువ్వు గూచ్‌ని? ఎప్పుడన్నావు? ఒట్టు పెట్టి చెప్పు!"

"నేనా? ఆ ముసలి పీనుగనా? నేను దారి అడగడమేమిటే!" అంతే, కట్ట తెగింది. మూడు వారాలుగా బిగపట్టి ఉంచిన నోరు ఒక్కసారిగా తెరుచుకుంది. "మా తాత నడిచాడు ఈ సందులో, మా అయ్య నడిచాడు, యుద్ధంలో కాలు పోయి వచ్చి కర్రతో నడిచాడు. ఆ గూచ్‌గాడు కుర్చీ వేసుకుంటే నేను వాడి కాళ్ళ మీంచి దాటుకుని పోయాను. 'లేవరా, ఇది నీ అబ్బ సొమ్ముటరా' అన్నాను. 'బెరిల్, అడగొచ్చుగా, ఒక్కసారి అడుగు, నా ఉద్యోగం నిలబడుతుంది' అని బతిమాలేవాడు. 'నా చెప్పు అడుగుతుంది' అన్నాను. ప్రతి ఏడూ! చర్చికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి! దమ్ముంటే ఆపమన్నాను. వాడేం చేశాడు? టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిద్ర నటించాడు. ఆపలేదు. వాడి కంపెనీకి కూడా చెప్పాడు, నాకు తెలుసు. వాళ్ళు మాత్రం ఏం పీకారు? రాసుకోమ్మా, రాసుకో, ఆగిపోయావేం? స్పెల్లింగు చెప్పాలా?"

కోల్డ్‌వెల్ నిజంగానే రాయడం ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. క్లెమెంట్ ఉత్సాహం పట్టలేక ముందుకి వచ్చాడు. "నేను చూశానమ్మా, నేను సాక్షిని! ఈవిడ నోటికి భయపడి ఆయన కుర్చీ కూడా వెనక్కి జరుపుకునేవాడు."

హాలమ్ కొంచెం పాలిపోయాడు గానీ తొణకలేదు. పని తెలిసినవాడు. బెరిల్‌ని వదిలేసి ఈడిత్ వైపు తిరిగాడు. "మీరూ ఆవిడతో కలిసే వెళ్ళేవారు కదండీ, చర్చికి?"

"వెళ్ళేదాన్నండీ."

"మీ అక్కగారు దాటేశాక మీరు ఆగేవారు. గూచ్ గారితో మాట్లాడేవారు. మీలాంటివారు మాట్లాడకుండా పోరు."

"ఆగేదాన్ని."

"ఆయనకి థాంక్స్ చెప్పేవారు."

ఈడిత్ అక్క వైపు చూసింది.

"చెప్పేవారా, లేదాండీ?"

"చెప్పేదాన్ని."

"సారీ కూడా?"

"సారీ కూడా."

"అంటే మీ ఇద్దరి తరఫునా ఏటా మీరే ఆయన దగ్గర సెలవు తీసుకున్నారు. ఒకరు అడగకపోతేనేం, ఇంకొకరు అడిగారు. ఆయన సరేనన్నారు. అందుకే అడ్డుకోలేదు. అంతేనాండీ?"

క్లెమెంట్ మొహం మళ్ళీ వాడిపోయింది.  ఈడిత్‌కి జవాబు తెలుసు. ఒక్కటే జవాబు, నిజమైనది. అది ఆ మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అక్క చచ్చినా తెలియనివ్వకూడదనుకుంది.

"కాదండీ" అంది. "దారి కోసం కాదు."

"మరి దేనికి?"

"మా అక్క కోసం."

"అర్థం కాలేదు."

"మా అక్క అన్న మాటలకి. అది మలుపు తిరిగేదాకా ఆగేదాన్ని. దానికి వినిపించకూడదని. ఆ తర్వాత ఆయనతో అనేదాన్ని, మా అక్క అంతేనండీ, మనసులో పెట్టుకోకండి, సారీ అని. ఆయన 'ఫరవాలేదమ్మా, నీ బాధ నాకు తెలుసులే' అనేవారు. అందుకు థాంక్స్ చెప్పేదాన్ని. దారి సంగతి ఎప్పుడూ మా మధ్య రాలేదు. దారి మాదేనని నాకూ తెలుసు. ఆయనకీ తెలుసు."

"ప్రతి ఏడూనా?" అంది కోల్డ్‌వెల్, మెల్లగా.

"ఆయన దగ్గరే కాదండీ. పాదిరి గారి దగ్గర. కొట్లో వాళ్ళ దగ్గర. ఇది ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ, వెనకాల." ఇక ఆగడం ఆమె వల్ల కాలేదు. "నాకు సిగ్గేసేదండీ. దీని పక్కన నడవడానికి సిగ్గేసేది. చిన్నప్పట్నుంచీ."

 హాలమ్ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అంత సిగ్గుతో ఒక మనిషి చెప్పిన మాటని అబద్ధం అనడానికి అతనికి కూడా నోరు రాలేదు. కోల్డ్‌వెల్ చివరి ముక్క రాసుకుని, లేస్తూ బెరిల్‌కి నమస్కారంలా తల వంచింది.

బెరిల్ ఆమెని చూడలేదు. చెల్లెల్నే చూస్తోంది. ఏమీ అనలేదు. అంతటి నోటికి ఒక్క మాట దొరకలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఈడిత్ టీ పెట్టి తెచ్చింది. కప్పు మంచం పక్కన పెట్టింది. తిట్టు, విసిరికొట్టు, ఏదైనా సరే అనుకుంటూ నిలబడింది.

"థాంక్స్, ఈడిత్" అంది బెరిల్.

అది మొదలు. సూపు ఇస్తే థాంక్స్. దిండు సర్దితే థాంక్స్. "నీకు శ్రమ కాకపోతే ఆ దుప్పటి కొంచెం ఇటు లాగుతావా?" అంటుంది. మాడిన రొట్టె పెట్టినా "బాగుంది" అంటుంది. సందులో వెళ్ళేవాళ్ళు కిటికీ దగ్గర ఆగితే "బాగున్నారా" అని అడుగుతుంది, అంతే. క్లెమెంట్ కావాలని ఆ పిచ్చి టోపీ పెట్టుకుని మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. "టోపీ బాగుంది క్లెమెంట్" అంది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఈడిత్ వంటింట్లో గోడకి ఆనుకుని నోట్లో ఏప్రన్ అంచు కుక్కుకుని ఏడ్చేది. పుట్టిన దగ్గర్నుంచి అక్క ఇలా ఉంటే బాగుండునని కోరుకుంది తను. కోరిక తీరింది.

వేసవిలో తీర్పు వచ్చింది. మిగతావాళ్ళ మర్యాదలు మర్యాదలేనని, యజమాని మనిషి ఎదురుగా ఒక మనిషి ఏటా బాహాటంగా, అడగకుండా నడిస్తే అతను అడ్డుకోలేదని, అడ్డుకునే ఉద్దేశమే బీరు కంపెనీకి ఉన్నట్టు కనిపించదని కోల్డ్‌వెల్ రాసింది. అద్దకాల సందు జనం దారి. గేట్లు పడవు. సందులో జనం పోగై గోల గోల చేశారు. మిసెస్ బన్ ఏడ్చేసింది. ఎవరో కిటికీలోంచి సారా గ్లాసు అందించారు. బెరిల్ అందుకుని, "మీ అందరికీ చాలా థాంక్స్" అంది. జనం కాసేపు ఎదురుచూశారు, ఇంకేదైనా అంటుందేమోనని. అనలేదు. కొంచెం కొంచెంగా వాళ్ళ గోల తగ్గి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు.

ఈడిత్ మంచం పక్కన నేల మీద కూర్చుంది. అక్క చేయి పట్టుకుంది.

"గెలిచామక్కా."

"అవును. నీ చలవే. థాంక్స్."

"అక్కా, అలా అనకే. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి తిట్టవే. నీ నోటికొచ్చినట్టు తిట్టు. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం, ఎవరూ వినరు."

బెరిల్ చేయి వెనక్కి తీసుకోలేదు. చెల్లెలి జుట్టు మీద వేసి నిమిరింది. ఆ చేయి చాలా తేలికగా ఉంది.

"వద్దులేమ్మా" అంది. "నీకు సిగ్గేస్తుంది."